కెప్టెన్‌ని తోమే మనిషి

ఇటుకపొడిని పాత మేజోడులో పోసి, గిన్నె మీద పట్టుకుని వేలితో తడుతోంది డోర్కస్ మెయిడ్‌మెంట్. మేజోడు నేతలోంచి పిండిలా దిగినది కెప్టెన్‌కి. లోపల మిగిలిన గరుకు గడపరాయికి. రెండూ కలిశాయా, కెప్టెన్ ముఖాన గీతలు పడతాయి. ఈ ముక్క వాళ్లమ్మ ఆమెకి ఒక్కసారే చెప్పింది, చెంప మీద.

కెటిల్ కూసింది. టీ పోసుకుని నిలబడే తాగింది. శుక్రవారం ఆమె కూర్చుని టీ తాగదు. పులిసిపోయిన ఆపిల్ రసం సీసా, ఇటుకపొడి డబ్బా, ఎర్ర ఫ్లానెల్ గుడ్డ బుట్టలో సర్దుకుంది. ఆ గుడ్డ ఒకప్పుడు వాళ్లమ్మ లోపలి పావడా. దాని ఎరుపు ఇప్పుడు అంచుల్లోనే మిగిలింది. మధ్యంతా పెనం అడుగులా నలుపు.

ఆమె చేతులూ అంతే. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు, నడుము ఇంకా నిటారు. డెబ్భై దాటినా బుగ్గల్లో ఎరుపు పోలేదు. గోళ్ల చుట్టూ నలుపు మాత్రం చిన్నప్పుడే పట్టింది. పెళ్లినాడు వాళ్లమ్మ నిమ్మకాయ వేసి రుద్దినా వదల్లేదు. ఇత్తడి తోమిన చేతి నలుపు సబ్బుకి లొంగేది కాదు. "పోనీ, నా పెళ్లాం ఎవరో చీకట్లో కూడా గుర్తుపడతాను" అన్నాడు సేత్. సేత్ గొర్రెల కాపరి. చర్చి వెనక గడ్డిలో పడుకుని చాలాకాలమైంది. అతనికి రాయి లేదు. అతని మీద గడ్డి మాత్రం ఎప్పుడూ కత్తిరించి ఉంటుంది.

పెరటి తలుపు తీసి క్యాబేజీ నారుమడి చూసుకుంది. దాని మీద మూతలా ఉండే గాజు అద్దం చలికాలం మంచుకి పగిలింది. ఇప్పుడు గోనెపట్టా కప్పుతోంది. వడ్రంగి జెత్రో టక్ కొత్త అద్దం వేస్తానని అప్పటినుంచీ "రేపే" అంటున్నాడు. పట్టా తీసి నారుకి ఎండ చూపించింది. వంగి లేచేటప్పుడు ఎడమ చెయ్యి భుజం దాకా గుంజింది. పంపు కొట్టినందుకు అనుకుంది. బుట్ట కుడిచేతికి మార్చుకుని బయలుదేరింది.

మాల్‌కూంబ్‌లో ఉన్నది ఒక్కటే వీధి. ఈ వసంతంలో కొత్త పాదరీ పెల్ అయ్యగారు, ఊళ్లో పూర్వం బతికిన గొప్పవాళ్ల ఇళ్లన్నిటికీ చెక్క పలకలు కొట్టించారు. చెక్క జెత్రోది, రాత అయ్యగారిది. డోర్కస్ వాటిని చదవదు. ఆ ఇళ్ల గురించి ఆమెకి తెలియవలసింది వాళ్లమ్మమ్మ చెప్పింది, వాళ్లమ్మమ్మ వాటిలో సగం ఇళ్లకి గడపలు తోమింది.

మొదటిది మిస్ లవీనియా క్రూ ఇల్లు. పలక మీద 'నాచుమొక్కల శాస్త్రజ్ఞురాలు' అని ఉంది. ఊరికి ఆవిడ వేరుగా గుర్తు. నాచు కోసం మురుగ్గుంటలో దిగి, తాడు వేసి లాగుతున్న మనుషులతో "కొంచెం ఆగండి, ఇక్కడ ఇంకో రకం ఉంది" అందట. గడప మాత్రం ఏనాడూ శుభ్రంగా లేదు. రెండోది పెద్ద గుర్రప్పందెం గెలిచిన జాకీ ఇల్లు. ఆ ఇంట్లోకి ఎవరైనా వంగి వెళ్లాల్సిందే, అతను తప్ప. మంచి గడప. మూడోది కెప్టెన్ ఆంబ్రోజ్ ఫెల్ ఇల్లు. దానికి పెద్ద పలక. 'దక్షిణ సముద్రాల లోతు కొలిచినవాడు.' డోర్కస్ దాని ముందు ఆగలేదు. కెప్టెన్ ఉండేది ఇక్కడ కాదు.

కొట్టం ముందు జెత్రో ఒక గాజు అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఎండ దాని మీద పడి ఎదురింటి గోడ మీద ఆడుతోంది.

"ఏమే డోర్కస్, కెప్టెన్‌కి స్నానమా?"

"నీకెలాగూ లేదు. ఆయనకైనా ఉండొద్దూ?"

జెత్రో నవ్వాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దినవాళ్లు. ఆమె కన్ను అద్దం మీదే ఉంది.

"నా నారుమడికి అద్దం దొరకలేదన్నావు. ఇదెక్కడిది?"

"ఇది నాది కాదే తల్లీ. అయ్యగారు పట్నం నుంచి తెప్పించారు. ఇక ఎవరి చెయ్యీ తగలకుండా కెప్టెన్ మీద బిగించాలి, సాయంత్రం."

"తెలుసు. ఆదివారమే చెప్పారు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"బిగించు. నీ మరలు వంకరగా పోతాయని ఊరందరికీ తెలుసు."

జెత్రో గుడ్డని జేబులో కుక్కుకున్నాడు. "రేపు నా పిల్ల ఐవీ పెళ్లే. అద్దంలోంచి అయినా ముఖం కనిపిస్తుందంటారు అయ్యగారు."

"రేపు కనిపిస్తుందిరా. ఇవాళ నేను తోముతాను గనక. తోమడం ఆపితే వచ్చే నెలకి గోధుమరంగు, చలికాలానికి బొగ్గు. ఐవీ తర్వాత పెళ్లాడే పిల్ల సంగతేమిటి?"

జెత్రో మళ్లీ గుడ్డ తీసి అద్దం తుడవసాగాడు. ఆమె జవాబు కోసం నిలబడలేదు.

చర్చిలో నిరుటి హేమంతపు చలి ఇంకా రాళ్లలో ఉంది. కెప్టెన్ ఉత్తరపు గోడ మీద, మనిషి ఎత్తున ఉంటాడు. ఆయన జ్ఞాపకానికి పెట్టిన ఇత్తడి పలక, తలుపు రెక్కలో సగం. అంచుల్లో ఒకప్పుడు తాళ్లూ లంగర్లూ చెక్కి ఉండేవట. కింద పద్దెనిమిది వరుసల రాత ఉండేదట. అవి డోర్కస్ పుట్టక ముందే కరిగిపోయాయి. ఇప్పుడు మధ్యలో 'ఫెల్' అన్న మాట ఒక్కటి, అదీ వెలుగు పక్కనుంచి పడితే, నీళ్లలో చేపలా ఒకసారి కదిలి మాయమవుతుంది. మిగతాదంతా అద్దం కన్నా నున్నగా ఉంటుంది.

పెల్ అయ్యగారు దాని ముందే నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, కళ్లజోడు, పట్నం బూట్లు. చెడ్డవాడు కాదు. చలికాలంలో బొగ్గుబండి కొండెక్కకపోతే ఆమె బస్తా తనే వీపు మీద వేసుకుని తెచ్చారు, రెండుసార్లు జారిపడ్డారు కూడా.

"డోర్కసమ్మా, ఇవాళ తోమకుండా ఉంటే బాగుండేది."

"ఇవాళ శుక్రవారం కదా అయ్యగారూ."

"వచ్చే నెల జిల్లా చరిత్ర సంఘం వాళ్లు బస్సు వేసుకుని వస్తున్నారు. మన ఊరి గొప్పవాళ్లలో ఈయనే పెద్ద. వాళ్లకి నేను ఏం చూపించాలి? ఒక పేరు మిగిలింది. దాన్నీ మనమే తుడిచేస్తున్నాం. మీ తప్పు కాదు, మీ అమ్మగారి తప్పూ కాదు. ప్రేమతో చేసినదే. కానీ ప్రేమతో తోమినా ఇత్తడి అరుగుతుంది."

ఆ మాట నిజమే. డోర్కస్ ఎప్పుడూ కాదనలేదు. బుట్ట బల్ల మీద పెట్టి ఏప్రన్ బిగించుకుంది.

"వీలునామాలో ఏముంది అయ్యగారూ? మీరే చదివారు కదా ఆదివారం."

అయ్యగారు కొంచెం ఇబ్బందిగా చూశారు. కెప్టెన్ భార్య రాసిన వీలునామా అది. పలకలో మనిషి ముఖం కనిపించినంత కాలం దాన్ని తోమేవాళ్లకి వారానికి ఒక రొట్టె, చలికాలానికి ఒక బస్తా బొగ్గు.

"ముఖం అని ఉంది. అక్షరాలు అని లేదు" అంది డోర్కస్.

"ఆవిడ ఇలా అవుతుందని ఊహించి ఉండదు."

"ఆవిడ చేత్తో ఆవిడే తోమింది, చచ్చిపోయే దాకా. ఊహించకుండా ఎలా ఉంటుంది?"

"పేరు లేకపోతే మనిషి ఎక్కడున్నాడని చెప్పగలం డోర్కసమ్మా?"

"నా సేత్‌కి రాయే లేదు. మీరు చీకట్లో అడిగినా తీసుకెళ్లి చూపిస్తాను."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. ఇవాళ తోమండి. ఇదే ఆఖరు. సాయంత్రం జెత్రో వస్తాడు. మీ రొట్టె, మీ బొగ్గు ఆగవు, అది నా పూచీ."

"పని చెయ్యకుండా రొట్టె తినే అలవాటు మా ఇంట్లో లేదు" అంది ఆమె మామూలుగానే. తర్వాత అడిగింది: "మీరెప్పుడైనా చూసుకున్నారా ఇందులో?"

"ఏమిటి?"

"మీ ముఖం."

"నేను అక్షరాలే చూశాను."

"అదే అనుకున్నాను" అంది డోర్కస్. అయ్యగారు కొండ అవతల ఒక జబ్బుమనిషిని చూడటానికి వెళ్లిపోయారు.

ఆమె సీసా మూత తీసింది. పుల్లటి వాసన రాళ్ల వాసనలో కలిసింది. గుడ్డ మూల తడిపి, పొడి అద్ది, పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టింది. గుండ్రంగా కాదు. గుండ్రంగా రుద్దేది గరిటెలు తోమేవాళ్లు. కెప్టెన్‌ని పొడుగ్గా, గాలి వీచినట్టు, ఒకే దిక్కుకి రుద్దాలి. ఇత్తడి మొదట నల్లబడింది. తర్వాత బురదనీరులా అయింది. దాని అడుగునుంచి వెలుగు పైకి తేలింది.

కెప్టెన్ కథ ఊళ్లో నాలుగు రకాలుగా ఉంది. పబ్‌లో చెప్పేదాంట్లో ఆయన ఒక దీవి కనిపెట్టి, మళ్లీ పోగొట్టుకున్నాడు. డోర్కస్ ఇంట్లో చెప్పేదాంట్లో సముద్రమే లేదు. ఓడలో తుపాకీమందు పేలి ఆయన ముఖం కాలిపోయింది. ఇంటికొచ్చి ఉన్న అద్దాలన్నీ తీయించి చెరువులో వేయించాడు. అలా ఇరవై ఏళ్లు. భార్య ఊహ మీదే జడ వేసుకుంది, ఊహ మీదే ముసలిదైంది. ఆయన పోయాక ఈ పలక పెట్టించి, ముఖం కనిపించాలని రాయించింది. కక్షతో రాయించిందని కొందరంటారు, ప్రేమతో అని కొందరు. "రెండూ కాదు" అనేది డోర్కస్ అమ్మమ్మ. "ఇరవై ఏళ్లు పాపిడి తిన్నగా ఉందో లేదో తెలియని ఆడది. అంతే."

అప్పటినుంచీ ఊరు కెప్టెన్‌లో ముఖం చూసుకుంటోంది. గాయకులు పాటకి ముందు కాలర్లు సర్దుకుంటారు. యుద్ధానికి వెళ్లినవాళ్లు టోపీలు సరిచేసుకున్నారు. పెళ్లయ్యాక బయటికెళ్తూ పెళ్లికూతురు తప్పకుండా చూసుకోవాలి. చూసుకోకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు, చూసుకోనివాళ్లు లేరు గనక.

తలుపు కిర్రుమంది. ఐవీ టక్ చేతుల నిండా ఆపిల్ పూలకొమ్మలతో వచ్చింది. రేపటికి కిటికీలు అలంకరించాలి. పొడుగ్గా ఉంటుంది, తండ్రి ముక్కు వచ్చింది.

"డోర్కస్ అత్తా, రేపు నాకు ఏం కనిపిస్తుంది?"

"మీ నాన్న ముక్కు. దానికి కెప్టెన్ కూడా ఏం చెయ్యలేడు."

"పో అత్తా. అద్దం వేస్తారట కదా. నాకు బెంగగా ఉంది."

"అద్దం వెనక కూడా ఆ ముక్కే ఉంటుంది. భయపడకు." గుడ్డ ఆపకుండానే అంది డోర్కస్. "నీ పెళ్లినాటికి ఈ ఇత్తడి ఎలా ఉండాలో అలా ఉంటుంది. అది నా పని. నవ్వుతూ చూడటం నీ పని. ఏడుస్తూ చూసిన పిల్ల ఒకతె ఉంది, ఇప్పటికీ దాని పేరు చెబితే అదే చెప్పుకుంటారు."

"ఎవరు?"

"మీ అమ్మ. అప్పటి పాదరీ గారు బూటుతో కాలు తొక్కారులే."

ఐవీ పడీపడీ నవ్వింది. పూలు కిటికీల్లో గుచ్చి, పోతూ పోతూ ముసలామె బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఐవీ పెదాలకి ఇటుకపొడి అంటింది.

డోర్కస్ గుడ్డని తడి లేని వైపు తిప్పి, ఆఖరి చేయి వేయడం మొదలుపెట్టింది. ఈ భాగం ఆమెకి ఇష్టం. ముందు చెవులు వస్తాయి, తర్వాత గడ్డం, తర్వాత కళ్లు. వాళ్లమ్మకి ఫోటో తీయించుకునే యోగం పట్టలేదు. పోయిన కొత్తలో డోర్కస్ ఆమె ముఖం మరిచిపోతానేమోనని హడలిపోయింది. తర్వాత తనకి నలభై వచ్చాక, ఒక శుక్రవారం, మసక తుడిచేసరికి ఇత్తడిలోంచి అమ్మ చూసింది. అవే బుగ్గలు, పని మధ్యలో బిగించిన అదే పెదవి. ఇంట్లో అద్దంలో అది రాదు. ఇంట్లో అద్దం ముసలితనాన్నే చూపిస్తుంది. ఇత్తడిలోనే, ఆ పచ్చటి వెలుగులోనే వస్తుంది. ఇది అయ్యగారికి చెప్పవలసిన సంగతి కాదు. ఆయన జాలిపడి ఒప్పుకుంటారు. జాలి మీద తెచ్చుకున్న పని పని కాదు.

అమ్మ వచ్చింది. ఈ మధ్య అమ్మ వెనక అమ్మమ్మ కూడా వస్తోంది, గడ్డం దగ్గర.

"ఇదుగో, అయిపోయింది" అంది డోర్కస్ పైకి.

మధ్యలో ఉన్న పేరు మీద ఈసారి గుడ్డ ఆనించలేదు. చుట్టూ తోమింది, దాన్ని వదిలింది. అయ్యగారు కోరింది అదొక్కటే కదా. తన పని తాను పూర్తిచేశాక ఎదుటివాడి మాట ఇంత మన్నించడంలో ఆమెకి చిన్నతనం కనిపించలేదు.

సీసాకి మూత పెట్టింది. ఎడమ చెయ్యి బుట్టని అందుకోనంది. సరేలే, కాసేపు కూర్చుందామనుకుని కెప్టెన్‌కి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. శుక్రవారం ఆమె కూర్చోవడం అదే మొదలు. గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

పడమటి కిటికీ వెలుగు బల్లల మీదుగా ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చి కెప్టెన్ మీద పడింది. పలక ఆ వెలుగుని తిప్పి పంపింది. అది వచ్చి ఆమె ఒళ్లో, నల్లటి వేళ్ల మీద నిలిచింది. వెచ్చగా ఉంది. ఆమె చూస్తూ ఉంది. కాసేపటికి వెలుగు ఒళ్లోంచి జారి నేల మీదికి దిగింది. ఆమె చూపు దాని వెంట వెళ్లలేదు.

జెత్రో అద్దాన్ని దుప్పట్లో చుట్టి, భుజాన సంచీతో వచ్చాడు.

"ఇంకా ఉన్నావా? మంచిదే. వంకరగా బిగిస్తే తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి." అద్దం గోడకి ఆనించాడు. "ఏమే, మాట్లాడవేం? నీ నారుమడి సంగతి నేను మరిచిపోలేదు. రేపే..."

దగ్గరికి వచ్చి చూశాడు. టోపీ తీశాడు. ఆమె పక్కన కూర్చున్నాడు, చిన్నప్పుడు బడిలో కూర్చున్నట్టే, కొంచెం ఎడంగా. ఎదురుగా కెప్టెన్‌లో ఇద్దరు ముసలివాళ్లు పక్కపక్కన కూర్చుని కనిపించారు.

తర్వాత లేచి, ఒళ్లోని గుడ్డ తీసి, పాదరీ వస్త్రాల గది తలుపు వెనక, ఖాళీగా ఉన్న మేకుకి తగిలించాడు. ఇంకా తడిగా ఉంది.

అయ్యగారు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. జెత్రో చేత్తో చూపించాడు. ఆయన ఆమె ముందు మోకరించి ప్రార్థన చేశారు. లేచేటప్పుడు ఎదురుగా ఎవరో కళ్లజోడు పెట్టుకున్న కుర్రవాడు, ముఖం కడిగినట్టు పాలిపోయి, తననే చూస్తూ కనిపించాడు. ఆయన ఒక్క క్షణం అతన్ని గుర్తుపట్టలేదు. కుర్రవాడి గుండె దగ్గర 'ఫెల్' అన్న మాట కదిలింది. దాని చుట్టూ ఇత్తడి కొత్తగా మెరుస్తోంది. దాని మీద మాత్రం పోయిన వారపు మసక ఉంది.

"దీన్ని ఆవిడ వదిలేశారు" అన్నారు నెమ్మదిగా.

"అద్దం ఇప్పుడే బిగించనా అయ్యగారూ?"

"రేపు పెళ్లి కదా జెత్రో. తర్వాత చూద్దాం."

పెళ్లి ఆపలేదు. ఆపితే డోర్కస్ ఊరుకునేది కాదని అందరికీ తెలుసు. మర్నాడు ఐవీ భర్త చెయ్యి పట్టుకుని వచ్చి కెప్టెన్ ముందు నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి, అయినా నవ్వింది. ముక్కు తండ్రిదే. ఆమె తర్వాత పెళ్లికొడుకు చూసుకున్నాడు. ఆ తర్వాత అతని తల్లి, పాలమనిషి, గంట కొట్టేవాళ్లు, బల్లల్లోంచి ఒక్కొక్కరూ లేచి వచ్చారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ తోసుకోలేదు. ఒకరి ముఖం పోతే ఇంకొకరి ముఖం వచ్చింది. అయ్యగారు ఆఖరున వచ్చారు. కాలర్ పక్కకి ఒరిగి ఉంది. సరిచేసుకున్నారు.

డోర్కస్‌ని సేత్ పక్కన పెట్టారు. రాయి మాట ఎవరూ ఎత్తలేదు. గడ్డి మాత్రం జెత్రో కత్తిరిస్తున్నాడు.

పది రోజులకి అయ్యగారు అడిగారు: "అద్దం ఏమైంది జెత్రో?"

"బండిలో పగిలిపోయింది అయ్యగారూ."

"అయ్యో" అన్నారు అయ్యగారు. వచ్చే దారిలోనే డోర్కస్ పెరడు ఉంది. నారుమడి మీద కొత్త అద్దం ఎండకి తళతళలాడటం, దాని కింద క్యాబేజీ నారు చెవులు నిక్కబొడుచుకుని ఉండటం ఆయన అప్పుడే చూసి వస్తున్నారు. "పోనీలే. మరలు దాచిపెట్టు."

చరిత్ర సంఘం వాళ్ల బస్సు వచ్చింది. నాచుమొక్కల ఇల్లు, జాకీ ఇల్లు చూశారు. కెప్టెన్ ముందు నిలబడి పేరు కోసం వెతికారు. వెతుకుతూ వెతుకుతూ టోపీలు సర్దుకున్నారు.

ఆ ఆదివారం జెత్రో వేదిక ముందు మోకాళ్ల మీద ఉండి, చేతులు చాపి ప్రభు భోజనపు రొట్టెముక్క కోసం ఎదురుచూశాడు. అయ్యగారి చెయ్యి కిందికి వచ్చింది. తెల్లటి, సన్నటి వేళ్లు. గోళ్ల చుట్టూ నలుపు. జెత్రో తలెత్తి చూడలేదు. రొట్టె తీసుకుని, ఆమెన్ అని, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

వస్త్రాల గది తలుపు వెనక మేకుకి ఆ ఎర్ర అంచుల గుడ్డ ఇప్పటికీ ఉంది. వారమంతా అట్టలా ఎండి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ముట్టుకుంటే తడి తగులుతుంది.